గిన్నె కొలత, గ్రాముల తూకం

(ఇంటి వద్ద పచ్చళ్లు, పిండివంటలు చేసి అమ్మే మహిళల కోసం విజయవాడలో జరిగిన శిక్షణ తరగతిలో, గుంటూరుకు చెందిన ఒక గృహవిజ్ఞాన శాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నన్ను పచ్చళ్ల గురించి మాట్లాడమన్నారు. పచ్చడి పెట్టడం మీకు నేను నేర్పనక్కరలేదు. నేను చెప్పదలచుకున్నది కొలతల గురించి. మీరు గిన్నెతో కొలిచి చేసే వంటను గ్రాముల్లోకి ఎలా మార్చాలి, ఎందుకు మార్చాలి, ఎక్కడ మార్చనక్కరలేదు, ఇంతే.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గిన్నెతో కొలవడం తక్కువ పని కాదు. మన అమ్మలు, అమ్మమ్మలు త్రాసు ముట్టుకోకుండా ఏడాది పొడవునా నిలవ ఉండే ఆవకాయ పెట్టారు. వారి లెక్క సరైనదే. కాని అది వారి గిన్నెకు, వారు దంచిన ఉప్పుకు, వారు పట్టించిన కారానికి సరైనది. ఆ గిన్నె ఇల్లు దాటదు. ఇప్పుడు మీ పచ్చడి హైదరాబాదు వెళ్తోంది, అమెరికా వెళ్తోంది. మీ అమ్మాయి అక్కడి నుంచి ఫోను చేసి, "అమ్మా, ఉప్పు ఎంత వేయాలి?" అని అడిగితే, "ముప్పావు గిన్నె వెయ్యి" అంటారు. ఆ పిల్ల దగ్గర మీ గిన్నె లేదు, ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంది. అది మీ మాటను గ్రాముల్లోకి మార్చుకుంటుంది. అక్కడే వంట చెడుతోంది.

ఎలా చెడుతోందో ఆవకాయతోనే చూద్దాం. ఇంటింటికీ పాళ్లు మారతాయి, మీ ఇంటి లెక్కతో నేను పోటీకి రాను. ఉదాహరణకు ఈ పాళ్లు తీసుకోండి: నాలుగు గిన్నెల ముక్కలు, ఒక గిన్నె ఆవపిండి, ఒక గిన్నె కారం, ముప్పావు గిన్నె ఉప్పు, ఒక గిన్నె పప్పునూనె. మన గిన్నె సరిగ్గా లీటరు పట్టేది అనుకుందాం. టెంకతో కొట్టిన మామిడి ముక్కలు గిన్నెలో ఒకదానిపై ఒకటి పడి, మధ్య చాలా ఖాళీ మిగులుతుంది. అందుకే లీటరు గిన్నె ముక్కలు 600 గ్రాముల ప్రాంతంలో తూగుతాయి. నాలుగు గిన్నెలకు 2 కిలోల 400 గ్రాములు. ఇక కారం. మెత్తని పొడి, తేలిక. లీటరు గిన్నెకు 450 నుంచి 500 గ్రాములు. ఆవపిండి ఇంకాస్త తేలిక, 400 నుంచి 450. నూనె 915 గ్రాములు. ఉప్పు మాత్రం బరువు. దంచిన రాళ్లుప్పు లీటరు గిన్నెకు కిలో పైనే ఉంటుంది. ముప్పావు గిన్నెకు దాదాపు 800 గ్రాములు.

అన్నీ కలిపితే ఐదు కిలోల పచ్చడి. అందులో ఉప్పు 800 గ్రాములు, అంటే నూటికి 16 పాళ్లు. ఈ పచ్చడి నిలుస్తుంది.

ఇప్పుడు మీ అమ్మాయి ఏం చేస్తుందో చూడండి. నాలుగు పాళ్లు, ఒక పాలు, ఒక పాలు, ముప్పావు పాలు, ఒక పాలు అని రాసుకుంది. 2 కిలోల 400 గ్రాముల ముక్కలు తూచింది. నాలుగో వంతు 600 కాబట్టి 600 గ్రాముల కారం, 600 గ్రాముల ఆవపిండి, 600 గ్రాముల నూనె, అందులో ముప్పావు కాబట్టి 450 గ్రాముల ఉప్పు వేసింది. లెక్కలో పొరపాటు ఎక్కడా లేదు. కాని మీరు వేసే కారం కంటే పావు వంతు ఎక్కువ పడింది. ఆవపిండి ఇంకా ఎక్కువ పడింది. నూనె మూడో వంతు తగ్గింది. ఉప్పు దాదాపు సగానికి పడిపోయింది. మొత్తం పచ్చడిలో నూటికి 10 పాళ్లు కూడా లేదు. నాలుకకు మంట, వాసనకు ఆవ ఘాటు, ఉప్పు చాలక కొన్ని వారాలకే పైన బూజు. "అమ్మా, నువ్వు చెప్పినట్టే చేశాను" అని ఆ పిల్ల బాధపడుతుంది. నిజంగా మీరు చెప్పినట్టే చేసింది.

ఉప్పు దగ్గర నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. పచ్చడిలో ఉప్పు రుచి కోసం మాత్రమే కాదు. ముక్కలోని నీటిని ఉప్పు బయటకు లాగుతుంది, మిగిలిన నీటిని సూక్ష్మజీవులకు అందకుండా పట్టి ఉంచుతుంది. మామిడి పులుపు, పైన తేలిన నూనె దానికి తోడవుతాయి. నూనె గాలిని అడ్డుకుంటుంది. ఈ మూడింటిలో ఉప్పు తగ్గితే మిగిలిన రెండూ ఆ లోటు పూడ్చలేవు. కారం కాస్త ఎక్కువైతే తినేవారు నెయ్యి కలుపుకొంటారు. ఉప్పు తగ్గితే జాడీ మొత్తం పారబోయాలి.

ఒకే గిన్నె కదా, ఒకదాని బరువు ఇంత, ఇంకొకదాని బరువు అంత ఎందుకు? దీనికి రెండు కారణాలు. మొదటిది, పదార్థం స్వతహాగా బరువైనదా, తేలికైనదా అన్నది. తేనె నీటికంటే బరువు, నూనె నీటికంటే తేలిక. ద్రవాల దగ్గర ఈ ఒక్క కారణమే పనిచేస్తుంది, కాబట్టి వాటి లెక్క తేలిక. రెండో కారణం గింజలకు, పొడులకు సంబంధించినది. అది గాలి.

ఇంటికి వెళ్లాక ఈ పని చేసి చూడండి. 200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసులో అంచు దాకా బియ్యం పోయండి. గ్లాసు నిండినట్టే కనిపిస్తుంది. ఇప్పుడు దానిలో మెల్లగా నీళ్లు పోయండి. 80, 90 మిల్లీలీటర్ల దాకా నీళ్లు ఇంకుతాయి, ఆ తరువాతే పొర్లుతాయి. అంటే నిండు గ్లాసు బియ్యం అనుకున్నదానిలో సగానికి కొంచెమే తక్కువ గాలి. బియ్యపు గింజను విడిగా చూస్తే నీటిలో మునిగేంత బరువు. గ్లాసుతో కొలిచినప్పుడు మాత్రం బియ్యం నీటికంటే తేలిక. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు 160 నుంచి 170 గ్రాములే వస్తాయి.

ఈ గాలి స్థిరంగా ఉండదు, కొలతల తంటా అంతా అక్కడే ఉంది. గ్లాసును బల్లకు రెండుసార్లు తట్టితే గింజలు సర్దుకుని గాలి తగ్గుతుంది. మైదా, శనగపిండి, గోధుమపిండి లాంటివాటిలో తేడా ఇంకా ఎక్కువ. జల్లించిన మైదాను గరిటెతో గ్లాసులోకి మెల్లగా పోస్తే 100 గ్రాములు వస్తుంది. అదే గ్లాసును డబ్బాలో ముంచి పైకి లాగితే 125 గ్రాములు. అదే పిండి, అదే గ్లాసు, అదే చెయ్యి, పావు వంతు తేడా. కేకు గట్టిపడిందని పొయ్యిని తిడతాం. పొయ్యి తప్పు కాకపోవచ్చు. బెల్లం తురుము కూడా ఇలాంటిదే. వదులుగా పోసిన గ్లాసుకు, వేళ్లతో అదిమిన గ్లాసుకు మధ్య తేడా చాలా పెద్దది. అందుకే బెల్లాన్ని ఎప్పుడూ తూచే వేయమంటాను.

ఇక గోపురం కొలత. పైన కుప్ప వచ్చేలా నింపడం మన చేతుల్లో ఉన్న పాత అలవాటు. పెట్టేవారి మనసు పెద్దదని దానిలో తెలుస్తుంది. ఆ అలవాటంటే నాకు గౌరవమే. కాని ఆ కుప్ప ఎంత ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? బియ్యం కుప్ప ఒక వాలు దాటి నిలవదు, జారిపోతుంది. ఆ వాలు సుమారు 35 డిగ్రీలు. కాబట్టి కుప్ప ఎత్తు మూతి వెడల్పును బట్టి వస్తుంది, లోతును బట్టి కాదు. 7 సెంటీమీటర్ల మూతి ఉన్న గ్లాసు మీద కుప్ప రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు లేస్తుంది. ఆ కుప్పలో దాదాపు 30 మిల్లీలీటర్ల బియ్యం ఉంటుంది. అదే 200 మిల్లీలీటర్లు పట్టే వెడల్పాటి గిన్నె, మూతి 10 సెంటీమీటర్లు అనుకోండి. దాని మీద కుప్ప 90 మిల్లీలీటర్లు దాటుతుంది. రెండు పాత్రలూ అంచుకు సమంగా నింపితే ఒకటే. గోపురంగా నింపితే ఒకటి 230, రెండోది 290. వెడల్పాటి గిన్నెలో గోపురంగా పోసిన ఉప్పు ఎంత దూరం పోతుందో మీరే ఊహించండి. పాత్రను నింపి, చాకు వీపుతో గాని అట్లకాడ అంచుతో గాని పైన గీయండి. ఈ ఒక్క అలవాటుతో సగం తేడాలు పోతాయి. అమెరికాలో బోస్టన్ నగరపు వంటల పాఠశాలలో ఫానీ ఫార్మర్ అనే ఆవిడ 1896 నాటికే ఈ గీసిన కొలతను పట్టుబట్టి ప్రచారం చేశారు. ఆ దేశపు ఇళ్లలో కప్పులు, చెంచాలు అంచుకు సమంగా కొలవడం అలా స్థిరపడింది.

మన దగ్గర కొలతల వరస ఇంతకంటే చాలా పాతది. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఎంత చక్కని వరస! రెండుతో, నాలుగుతో గుణించుకుంటూ పోతే చాలు, చదువు రానివారు కూడా వేళ్ల మీద లెక్క వేయగలరు. కూలికి ధాన్యం ఇచ్చినా, పెళ్లికి బియ్యం తీసినా ఈ వరసే. లోపం వరసలో లేదు, పాత్రలో ఉంది. ఒక ప్రాంతపు మానికకు, మరో ప్రాంతపు మానికకు పొంతన ఉండేది కాదు. తూకాలదీ అదే కథ. మద్రాసు లెక్కలో పలం అంటే మూడు తులాలు, సుమారు 35 గ్రాములు. నలభై పలాలు ఒక వీశె, అంటే కిలో 400 గ్రాములు. ఎనిమిది వీశెలు ఒక మణుగు, 11 కిలోల పైచిలుకు. అదే బెంగాలు లెక్కలో మణుగు అంటే 40 శేర్లు, 37 కిలోలు! మీ ఇళ్లలో పాత వంటల నోటు పుస్తకాలు ఉంటే, 'వీశె చింతపండు' అని ఉన్నచోట 1,400 గ్రాములు అని పక్కన రాసుకోండి. 'మానిక' అని ఉన్నచోట మాత్రం తొందరపడకండి. ఆ ఇంటి మానిక ఇంకా అటక మీద ఉందేమో చూడండి. ఉంటే దానిని దించి నీళ్లతో కొలవండి. అది దొరికిందంటే ఆ పుస్తకంలోని వంటలన్నీ మీకు దక్కినట్టే.

స్వతంత్రం వచ్చాక 1956లో తూనికలు కొలతల చట్టం చేసి, దేశమంతటికీ కిలో, లీటరు తెచ్చారు. ఇప్పుడు అమలులో ఉన్నది 2009 నాటి చట్టం, 2011 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అమ్ముకునే మీకు దానితో పని ఉంది, తరువాత చెబుతాను.

నీళ్లతో కొలవమన్నాను కదా, ఎందుకు నీళ్లే? 1795లో ఫ్రాన్సులో గ్రామును నిర్ణయించినప్పుడు నీటినే ఆధారం చేసుకున్నారు. సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టెలో పట్టే చల్లని నీటి బరువు ఒక గ్రాము. ఆ పెట్టెనే మనం మిల్లీలీటరు అంటున్నాం. ఆ తరువాత శాస్త్రవేత్తలు నిర్వచనాలు మార్చారు. వంటింటికి మాత్రం ఆ బంధం చెక్కుచెదరలేదు. నీరు ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. ఖాళీ గ్లాసును కాటా మీద పెట్టి, బొత్తాం నొక్కి సున్నా చేయండి. అంచు దాకా నీళ్లు పోయండి. 215 అని చూపిస్తే మీ గ్లాసు 215 మిల్లీలీటర్లది. మైనపు పెన్సిల్‌తో గ్లాసు అడుగున రాసేయండి. స్టీలు గ్లాసులన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒక్కొక్కటి తూచి చూస్తే 180 నుంచి 300 దాకా ఉంటాయి.

కాటా లేదంటారా? దానికీ మార్గం ఉంది, ఇది అందరూ గుర్తుంచుకోవాలని నా కోరిక. దుకాణం నుంచి తెచ్చిన ప్రతి సీలు ప్యాకెట్టు మీదా బరువు రాసి ఉంటుంది. ఎవరో ముందే మనకోసం తూచి ఇచ్చారు. కిలో ఉప్పు ప్యాకెట్టు విప్పి, మీ గ్లాసుతో అంచుకు గీసి ఎన్ని గ్లాసులు వచ్చాయో లెక్కపెట్టండి. నాలుగు గ్లాసులు వస్తే గ్లాసు ఉప్పు 250 గ్రాములు. ఐదు వస్తే 200. చక్కెర, మినప్పప్పు, మైదా, రవ్వ, అన్నింటికీ ఇదే పద్ధతి. డబ్బాలో పోసేముందు ఎలాగూ విప్పాలి కాబట్టి, ఒకసారి గ్లాసుతో పోస్తూ లెక్కపెట్టి, డబ్బా మూత మీద ఆ అంకె రాసి అంటించండి. నెల తిరిగేలోగా మీ వంటింటి పట్టిక మీ దగ్గరే తయారవుతుంది. ఎవరో ఇచ్చే పట్టిక కంటే అది మీకు వెయ్యి రెట్లు నమ్మకమైనది. మీ గ్లాసు, మీ ఉప్పు, మీ చెయ్యి కదా.

అయినా సరిచూసుకోవడానికి కొన్ని అంకెలు చెబుతాను, రాసుకునేవారు రాసుకోండి. అంచుకు గీసిన 200 మిల్లీలీటర్ల గ్లాసుకు పాలు 206 గ్రాములు, నూనె 183, తేనె 280 దాకా. చక్కెర 170. బియ్యం, కందిపప్పు, మినప్పప్పు 160 నుంచి 170. బొంబాయి రవ్వ 140. గోధుమపిండి, మైదా వదులుగా పోస్తే 100, 105. జల్లించిన శనగపిండి 80. మెత్తని ఉప్పు 240, దంచిన రాళ్లుప్పు 200 నుంచి 220. కారం 90 నుంచి 100, ఆవపిండి 80 నుంచి 90. మీ అంకె వీటికి పది గ్రాములు అటూ ఇటూ వస్తే ఫరవాలేదు. యాభై తేడా వస్తే మాత్రం గ్లాసును మళ్లీ నీళ్లతో కొలవండి.

కారం విషయంలో గుంటూరు మనిషిగా ఒక మాట అదనంగా చెప్పాలి. మా మిర్చి యార్డులో మిరపకాయలు టిక్కీల్లో, అంటే బస్తాల్లో వస్తాయి, ధర క్వింటాలుకు పలుకుతుంది. అక్కడ అంతా తూకమే. మిల్లుకు తీసుకువెళ్లినప్పుడూ తూకమే. వంటింట్లోకి వచ్చాక మాత్రం కారం చెంచాలకు, గిన్నెలకు మారుతుంది. మిల్లులో మెత్తగా పట్టిన కారం ఒకలా సర్దుకుంటుంది, రోట్లో దంచిన బరక కారం మరోలా. గింజ ఎంత కలిసిందన్నది కూడా లెక్కే. కాబట్టి ఏటా కొత్త కారం పట్టించగానే ఒక గ్లాసు తూచుకోండి. కొనేటప్పుడు తూచి కొన్నదానిని వాడేటప్పుడు కూడా తూచి వాడితే, ఈ ఏడాది కాయ ఘాటు ఎక్కువా తక్కువా అన్నది మీకు సరిగ్గా తెలుస్తుంది. లేకపోతే మారింది ఘాటా, కొలతా అన్నది ఎన్నటికీ తేలదు.

నూనె దగ్గర డబ్బు ముడిపడి ఉంది, కాబట్టి శ్రద్ధగా వినండి. లీటరు నూనె కిలో కాదు. లీటరు ప్యాకెట్టు తిప్పి చూడండి, సాధారణంగా 910 గ్రాములు అని ఉంటుంది. గానుగ దగ్గర కొందరు లీటరుకు ధర చెబుతారు, కొందరు కిలోకు చెబుతారు. కిలో అంటే దాదాపు లీటరు 100 మిల్లీలీటర్లు. ఒకచోట లీటరు 300 రూపాయలు, మరోచోట కిలో 320 రూపాయలు అనుకోండి. పైకి మొదటిదే చౌక. మొదటిచోట కిలో ఎంత పడుతుందో లెక్క వేస్తే దాదాపు 330 రూపాయలు. రెండోదే చౌక. ఏడాదికి డబ్బాల కొద్దీ నూనె కొనేవారికి ఇది చిన్న తేడా కాదు.

ఇంకొకటి. వేడికి నూనె ఉబ్బుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే. కొన్ని కంపెనీలు ప్యాకెట్టు మీద ఎక్కువ ఉష్ణోగ్రత రాసి, ఆ లెక్కన తక్కువ నూనె నింపుతుండటంతో, 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి, లీటర్లతో పాటు సరైన బరువు కూడా ముద్రించాలని ఆదేశించింది. కొనేటప్పుడు లీటర్ల అంకె కాదు, గ్రాముల అంకె చూడండి. బెజవాడ ఎండ నూనె బరువును మార్చలేదు.

అన్నం సంగతి వేరు. అక్కడ నేను గ్లాసునే సమర్థిస్తాను. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ఎసరు అన్నప్పుడు, గ్లాసు పెద్దదైనా చిన్నదైనా అన్నం చెడదు. ఒకే పాత్రతో రెండూ కొలుస్తున్నాం కాబట్టి నిష్పత్తి నిలుస్తుంది. ఇడ్లీకి పప్పు, రవ్వ కూడా ఇలాగే. దానిని బలవంతంగా తూకంలోకి తేనక్కరలేదు. తేవాలనుకుంటే మాత్రం ఒకటికి రెండు అని తేకూడదు. గ్లాసు బియ్యం 165 గ్రాములు, రెండు గ్లాసుల నీళ్లు 400 గ్రాములు. తూకంలో ఇది ఒకటికి రెండున్నరకు దగ్గర. తూచి ఒకటికి రెండు పోస్తే 70 మిల్లీలీటర్ల నీళ్లు తగ్గి, మెతుకు పలుకుగా మిగులుతుంది. కరెంటు కుక్కర్లతో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పును పారేయకండి. జపాను లెక్కలో అది 180 మిల్లీలీటర్లు. గిన్నె లోపలి గీతలు దానితో వచ్చిన కప్పుకు తగినట్టే ఉంటాయి. మీ ఇంటి గ్లాసుతో బియ్యం పోసి, గీత దాకా నీళ్లు పోస్తే పొంతన కుదరదు. వంటల వీడియోల్లో వినే 'కప్పు' కూడా ఒకటి కాదు. అమెరికా వారిది 237, ఆస్ట్రేలియా వారిది 250. పెద్ద చెంచా మామూలుగా 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. ఎవరు చెబుతున్నారో చూసి కొలవండి.

తూకం కూడా మోసం చేసే చోటు ఒకటి ఉంది. తడి. అరిసెలకు బియ్యం నానబెట్టి, వార్చి, తడి ఆరీ ఆరకముందే పిండి పట్టిస్తాం. కిలో బియ్యం నానాక కిలోంబావు దాటుతుంది. ఆ అదనమంతా నీరే. ఆ తడిపిండిని తూచి, 'కిలో పిండికి ఇంత బెల్లం' అంటే, నిజానికి 800 గ్రాముల బియ్యానికి బెల్లం వేస్తున్నారన్నమాట. పాకం మిగిలిపోయి అరిసె నూనెలో విచ్చిపోతుంది. అరిసెల లెక్క ఎప్పుడూ నానబెట్టకముందు, పొడి బియ్యానికే రాయండి. గోంగూర కూడా అంతే. కట్టల్లో చెబితే ఎవరికీ పనికిరాదు, ఎందుకంటే కట్ట ఊరూరికీ మారుతుంది. కాడతో తూస్తే కాడ బరువు, కడిగాక తూస్తే నీళ్ల బరువు. ఆకు గిల్లి, కడిగి, బట్ట మీద పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు తూచండి. పచ్చడికి ఎలాగూ ఆరబెట్టాలి కదా.

(సభలో ఒకరు: "ఇంగువ, మెంతిపిండి లాంటివి కూడా తూచాలా అమ్మా?")

మంచి ప్రశ్న అమ్మా. అక్కరలేదు. ఇంటి కాటాలు చాలావరకు గ్రాముకు తక్కువ చూపించవు. రెండు గ్రాముల ఇంగువ వేసినప్పుడు కాటా ఒక గ్రాము అటూ ఇటూ చూపించినా సగానికి సగం తేడా. అలాంటిచోట 5 మిల్లీలీటర్ల చెంచా అంచుకు గీసి వాడటమే మేలు. మెంతిపిండి పెద్ద మొత్తంలో పడితే తూచండి, చిటికెల్లో పడితే చెంచా. చెంచాతో కొలిచినా అది ఏ చెంచానో రాయాలి. భోజనం చెంచా, టీ చెంచా అంటే సరిపోదు. మందుల దుకాణంలో టానిక్కుతో ఇచ్చే గీతల మూత ఉంటుంది కదా, దానిలో నీళ్లు పోసి మీ చెంచా ఎన్ని మిల్లీలీటర్లదో ఒకసారి చూసుకోండి.

అమ్మేవారికి చివరిగా రెండు విషయాలు. ఇంటి వంట కోసం కొన్న కాటాతో తూచి అమ్మకూడదు. అమ్మకానికి వాడే కాటాను తూనికలు కొలతల శాఖ వారు పరీక్షించి ముద్ర వేయాలి. ప్యాకెట్టు మీద నికర బరువు రాయాలి, అంటే డబ్బా బరువు తీసేశాక మిగిలే పచ్చడి బరువు. ఇది చట్టం. రెండోది చట్టం కాదు, నా మనవి. ప్రతి విడతకూ ఒక కాగితం పెట్టుకోండి. తేదీ, ముక్కల బరువు, ఉప్పు, కారం, ఆవ, నూనె బరువులు, కారం ఎక్కడ పట్టించారు, ఉప్పు ఏది. "క్రితం సారి ఇంత ఉప్పగా లేదే" అని ఒకరు అన్నప్పుడు, ఆ కాగితం తీసి చూస్తే సమాధానం దొరుకుతుంది. కాగితం లేకపోతే వంటమనిషి మీద కోపం మిగులుతుంది.

ఈ రికార్డు రాసేటప్పుడు మీ గిన్నె లెక్కను కొట్టేయవద్దు. పక్కపక్కనే రాయండి. ఎడమ వైపు 'ముప్పావు గిన్నె', కుడి వైపు '790 గ్రాములు'. ఎడమ వైపు మీ అమ్మ చెప్పింది, దాన్ని చూసి మీ చెయ్యి పనిచేస్తుంది. కుడి వైపు చూసి, మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి కూడా మీ ఆవకాయ పెట్టగలుగుతుంది.

ఇక మాటలు చాలు. అక్కడ బల్ల మీద రెండు కాటాలు, ఒక గీతల జగ్గు, నీళ్ల బిందె, దంచిన ఉప్పు, కొత్త కారం, ఆవపిండి ఉన్నాయి. ఇంటి గిన్నె తెచ్చుకున్నవారు వరసగా రండి. ముందు నీళ్లతో కొలుద్దాం, తరువాత ఉప్పుతో. కారానికి వచ్చేసరికి ఫ్యాన్లు ఆపించమని ఇప్పుడే చెబుతున్నాను.